హాజరు పట్టీ

మా నాయనకు అక్షరం ముక్క రాదు గానీ జీవో అనే మాట మాత్రం బాగా తెలుసు. స్కాలర్‌షిప్పు జీవో, హాస్టలు జీవో, ఇళ్ళస్థలాల జీవో. "జీవోలు మంచియ్యే అబ్బాయా. హైదరాబాదులో పుట్టి చీరాల దాకా రైల్లో వస్తయ్. అక్కణ్ణుంచి మన పల్లెకు నడిచి రావాలి గదా, అలిసిపోయి యాడో కూలబడతయ్" అనేవాడు. మేం నవ్వేవాళ్ళం. ముప్పై ఎనిమిదేళ్ళు ప్రాథమిక బడుల్లో పంతులుగా పనిచేసి 2024లో రిటైరయ్యాక ఆ మాట మళ్ళీ గుర్తుకొచ్చింది. మా నాయన ఒక్క దగ్గర పొరబడ్డాడు. చదువుకు సంబంధించిన జీవో దారిలో కూలబడదు. బడి దాకా వస్తది. వచ్చి పంతులు బల్ల మీద కూచుంటది. ఆ పంతులు దాన్ని ఎట్లా చదువుకుంటే పిలకాయలకు అట్లా దక్కుతది.

ఆ బల్లకు అవతల నేల మీద కూచున్నవాణ్ణి నేను. ఇవతల కుర్చీలో కూచున్నవాణ్ణీ నేనే. రెండు వైపులా చూసింది రాస్తున్నాను. బడుల పేర్లు, మనుషుల పేర్లు రాయటం లేదు. ఎవరి మీదో కక్ష తీర్చుకోవటం నాకు అక్కర్లేదు. నా తప్పులు కూడా ఇందులో ఉన్నయ్.

మాది వేటపాలెం. 1970 దాకా గుంటూరు జిల్లా, ఆ తర్వాత ప్రకాశం, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. జిల్లాలు మారినా మా మాదిగపల్లె మాత్రం ఊరికి ఎడంగా ఎక్కడున్నది అక్కడే ఉంది. తూర్పున ఇసక నేలలు, సముద్రం. ఊళ్ళో మగ్గాలు, జీడిపప్పు బట్టీలు. పడమటికి పోతే పత్తి, మిరప పండే నల్లరేగడి. మా నాయన రైతుల దగ్గర కూలికి పోయేవాడు. మా అమ్మ జీడిపిక్కలు కొట్టేది. జీడి సొన తగిలి ఆమె వేళ్ళు నల్లగా కాలిపోయి ఉండేవి. రేషన్ షాపులో వేలిముద్ర వేస్తే గీతలు పడేవి కావు, ఒట్టి మరక పడేది.

మా వూరికి బయట మంచి పేరుంది. సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది. 1929లో గాంధీ గారు వచ్చి భవనానికి పునాదిరాయి వేశారు. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. నేనూ ఉద్యోగం వచ్చాక అక్కడ కూచుని చదువుకున్నాను. అట్లా చదవటం మొదలుపెట్టాకే మా బడి చరిత్ర మా బడితో మొదలు కాలేదని తెలిసింది.

1856లో ధార్వాడలో ఒక మహర్ కుర్రాడు సర్కారు బడిలో చేర్చుకోమని అర్జీ పెట్టుకున్నాడు. ఒక్కణ్ణి చేర్చుకుంటే మిగతావాళ్ళంతా మానేస్తారని బొంబాయి ప్రభుత్వం కాదన్నది. 1882లో వేసిన హంటర్ కమిషన్, కులం పేరుతో సర్కారు బడిలో ఎవర్నీ కాదనకూడదన్నది. అంటూనే ఆ సూత్రాన్ని జాగ్రత్తగా అమలు చెయ్యమన్నది. చదివినవాళ్ళు సూత్రాన్ని వదిలేసి జాగ్రత్తను పట్టుకున్నారు. 1928లో అంబేడ్కర్ సైమన్ కమిషన్‌కు ఇచ్చిన పత్రంలో ఈ సంగతులన్నీ ఎత్తిచూపాడు.

మన మద్రాసు రాష్ట్రంలోనూ అంతే. 1893లో పంచముల చదువు కోసం ప్రభుత్వం పెద్ద ఉత్తరువే ఇచ్చింది. మా వూళ్ళో గ్రంథాలయం పుట్టిన మరుసటి ఏడు, 1919లో, లెక్క తీయిస్తే రాష్ట్రంలో ప్రభుత్వ యాజమాన్యంలో ఉన్న 8,157 బడుల్లో పంచమ పిలకాయలు అడుగుపెట్టగలిగినవి 609. తలుపు మూసినవాళ్ళెవరూ మేం మూశాం అనలేదు. బడి అగ్రహారంలో ఉందన్నారు, గుడి ఆవరణలో ఉందన్నారు, అద్దె ఇంట్లో ఉంది ఇంటాయన ఒప్పుకోడన్నారు. ఉత్తరువును ఎవరూ ధిక్కరించలేదు. కానీ పిలకాయ బయటే ఉన్నాడు.

ఆ రోజుల్లో మాకు అక్షరం ఇచ్చింది మిషను వాళ్ళు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషను క్లవు దొర బకింగ్‌హామ్ కాలవలో ఒక ముక్క కాంట్రాక్టుకు తీసుకుని మావాళ్ళకు పని చూపించాడు. ఆ మట్టి మోసినవాళ్ళలో మా ముత్తాత ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ తర్వాత పల్లెల్లో ప్రార్థన గుడే బడి, పాదిరే పంతులు. ఊరి బడి తలుపు మాకు తెరుచుకున్నాక కూడా ఆ ప్రార్థన గుడి అవసరం మాకు పోలేదు. అది నా కథలోనే వస్తది.

నన్ను 1967లో బడిలో వేశారు. పుట్టినరోజు ఎప్పుడని అడిగితే మా అమ్మ "గాలివాన వచ్చిన యేడు" అన్నది. పంతులుగారు జూలై 1 అని రాసుకున్నారు. మా పల్లెలో అందరం జూలై 1నే పుట్టాం.

అప్పుడే కొఠారీ కమిషన్ రిపోర్టు వచ్చి ఉంది. 1964-66 మధ్య దేశమంతా తిరిగి రాసిన రిపోర్టు. బీదా గొప్పా పిల్లలంతా ఒకే రకం బడిలో చదవాలన్నది. చదువులో పని అనుభవం ఉండాలన్నది. మొదటి మాట మా బడి దాకా రాలేదు. రెండోది వెంటనే వచ్చింది. మా పల్లె పిలకాయలు బడి ఊడ్చాలి, వాకిట్లో పేడనీళ్ళు చల్లాలి. ఊరి పిలకాయలు బావి నుంచి మంచినీళ్ళు తేవాలి. కుండ మేం ముట్టుకోకూడదు గదా. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు పంతులుగారు "అందరికీ పని పంచానండి" అని చూపించారు. ఇన్‌స్పెక్టరు సంతోషించి పుస్తకంలో మెచ్చుకుంటూ రాసి పోయాడు. అబద్ధం చెప్పలేదు పంతులు. పని పంచిన మాట నిజమే.

1971లో మన రాష్ట్రంలో నాన్-డిటెన్షన్ పద్ధతి వచ్చింది. ఏడో తరగతి దాకా పైతరగతికి పంపాల్సిందే, ఏడులో పరీక్ష. ఫెయిలైన పిలకాయ సిగ్గుపడి బడి మానేస్తాడు, కూలికి పోతాడు, అందుకని ఫెయిల్ చెయ్యొద్దన్నారు. మంచి ఆలోచనే. దాన్ని ఆ పంతులు ఇంకోరకంగా చదువుకున్నాడు. "మీరెట్లాగూ పాసే గదరా, గోల చెయ్యకుండా కూచోండి" అన్నాడు. మా పల్లె నుంచి నాతో పాటు పద్నాలుగుమందిమి చేరాం. ఏడో తరగతికి వచ్చేసరికి ఏడుగురం మిగిలాం. పరీక్ష దాటింది ఇద్దరం. మిగతా ఐదుగురికి తెలుగు కూడబలుక్కుని చదవటం కూడా రాదు. ఏడేళ్ళు వాళ్ళను ఎవరూ ఫెయిల్ చెయ్యలేదు. ఒక్కరోజులో అందరూ కలిసి చేశారు. నేను గట్టెక్కింది మా ప్రార్థన గుడిలో రాత్రిపూట లాంతరు పెట్టి చదువు చెప్పిన ఒక అన్న పుణ్యం. ఆయనకు ఏ జీవో లేదు, జీతమూ లేదు.

ట్రైనింగయ్యాక ఉద్యోగం కోసం ఎదురుచూస్తుండగా 1985 జూలై 17న కారంచేడు జరిగింది. మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన మాట ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసింది. మిగిలినవాళ్ళు పరుగెత్తి చీరాల వచ్చారు. శిబిరంలో నేనూ పనిచేశాను. పెద్దవాళ్ళు మీటింగులో ఉంటే పిలకాయల్ని కూచోబెట్టుకుని అక్షరాలు దిద్దించాను. ఒక పిలకాయ "అన్నా, మళ్ళీ ఆ బడికే పోవాల్నా?" అని అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. మరుసటి ఏడు నాకు ఉద్యోగం వచ్చింది. ఆ పిలకాయ ప్రశ్న నా జేబులో పెట్టుకునే బడికి పోయాను అనుకునేవాణ్ణి. అన్నిసార్లూ పెట్టుకోలేదు.

1986లో జాతీయ విద్యావిధానం. 1987 నుంచి ఆపరేషన్ బ్లాక్‌బోర్డు. ప్రతి బడికి రెండు గదులు, ఇద్దరు టీచర్లు, అందులో ఒకరు ఆడమనిషైతే మంచిది, బోధనకు సామగ్రి. మా బడికి గది రాలేదు గానీ పెట్టె వచ్చింది. గ్లోబు, పటాలు, సైన్సు కిట్టు, ఆటవస్తువులు. హెడ్‌మాస్టరు వాటిని స్టాకు రిజిస్టర్లో ఎక్కించి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. పగిలితే తన జీతంలో కోస్తారని భయం. ఆడిట్ వాళ్ళు వస్తువు ఉందా లేదా అని చూస్తారు, పిలకాయ దాన్ని తిప్పాడా లేదా అని చూడరు. ఆయన రిటైరైన రోజున ఆ గ్లోబు మీద అట్టకవరు కూడా తియ్యలేదు. చెక్కుచెదరకుండా అప్పగించాడని అందరూ పొగిడారు.

1989 తర్వాత అప్పెప్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, ఇంగ్లండు ప్రభుత్వం డబ్బు. ఆరు సూత్రాలు నేర్పారు మాకు. పిలకాయలు చేసి నేర్చుకోవాలి, జట్లుగా కూచోవాలి, చుట్టుపక్కల పరిసరాల్ని వాడుకోవాలి, వాళ్ళు చేసినవి గోడకు పెట్టాలి. మా తరగతి గదుల్లో దారాలు కట్టి బొమ్మలు వేలాడదీశాం. అన్నిటికంటే సులువుగా అమలైంది ఆ దారమే. అధికారి వచ్చేముందు కట్టేవాళ్ళం, పోయాక విప్పేవాళ్ళం.

జట్ల సంగతి వేరు. నాతో పనిచేసే మేష్టారు పేటలవారీగా జట్లు చేశాడు. "పరిసరాలు అన్నారు గదండీ. ఒకే పేట పిలకాయలైతే ఒకే పరిసరం" అన్నాడు. ఒక జట్టు సాలీలు, ఒక జట్టు బెస్తలు, ఒక జట్టు రైతుల పిలకాయలు, మూలన మా పల్లె జట్టు. ఇంగ్లండు డబ్బుతో మనూరి గోడ కట్టాడు. మరునాడు నేను పిలకాయలందర్నీ వరసగా నిలబెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు చెప్పించాను. ఒకట్లన్నీ ఒక జట్టు, రెండ్లన్నీ ఒక జట్టు. జీవో అదే, సూత్రం అదే. చదివినవాడు మారాడు, అంతే. ఒక తండ్రి వచ్చి గొడవపడ్డాడు. "పై నుంచి వచ్చిన రూలండీ" అన్నాను. రూలు మనకు కూడా పనికొస్తదని ఆ రోజు మొదటిసారి తెలిసింది.

అమెరికాలో మైకేల్ లిప్‌స్కీ అని ఒకాయన 1980లో ఒక పుస్తకం రాశాడు. టీచరు, పోలీసు, ఆఫీసు గుమాస్తా లాంటివాళ్ళు రోజువారీ తీసుకునే నిర్ణయాలే చివరికి ప్రభుత్వ విధానమైపోతయ్ అంటాడు. పని ఎక్కువ, మనుషులు తక్కువ అయినప్పుడు వాళ్ళు పనిని తమకు వీలుగా కుదించుకుంటారని కూడా అంటాడు. అదీ నిజమే. ఒక గది, ఐదు తరగతులు, ఒక్కడే పంతులు, మధ్యలో జనాభా లెక్కలు, ఓటర్ల లిస్టులు. ఇవి చెప్పకుండా పంతుల్ని తిట్టటం న్యాయం కాదు. కానీ కుదించేటప్పుడు ఎప్పుడూ మా పల్లె పిలకాయల దగ్గరే ఎందుకు కుదిస్తారన్నది నా ప్రశ్న.

ఇప్పుడు నా తప్పులు.

1995 ఆగస్టు 15న కేంద్రం మధ్యాహ్న భోజన పథకం మొదలుపెట్టింది. అన్నం వండి పెట్టని చోట నెలకు పిలకాయకు మూడు కిలోల బియ్యం. నెలలో 80 శాతం హాజరుండాలి. సంక్రాంతి దాటగానే మా పల్లె సగం ఖాళీ అవుతది. గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు. పిలకాయల్నీ తీసుకుపోతారు. చిన్నపిల్ల వంగకుండా కాయ కోస్తది గదా. ఆకలి ఎక్కువున్న ఇంటి పిలకాయే బడికి రాదు. బడికి రాని పిలకాయకు బియ్యం లేవు. రూలు అట్లా ఉంది. పక్క బడి పంతులు రూలు ప్రకారం పేర్లు కొట్టేశాడు. నేను కొట్టలేదు. పదకొండుమందికి మూడు నెలలు హాజరు వేశాను. బియ్యం వాళ్ళ అవ్వలు వచ్చి తీసుకుపోయారు. నేను మంచిపని చేశాననే అనుకున్నాను. ఇప్పటికీ ఆ బియ్యం గురించి నాకు బాధ లేదు.

కానీ అది అలవాటైంది. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న వండిన అన్నమే పెట్టాలన్నది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. ఇక బియ్యం కోసం హాజరు వెయ్యనక్కర్లేదు. అయినా వేశాను. పేర్లు తగ్గితే రెండో టీచరు పోస్టు ఎత్తేస్తారు. సర్వశిక్షా అభియాన్‌లో వలసపోయేవాళ్ళ పిలకాయలకు సీజనల్ హాస్టలు పెడతాం, మీ బడిలో ఎంతమంది వలస పోతున్నారో రాయమని కాగితం వచ్చింది. "లేరు" అని రాసి పంపాను. నా రిజిస్టర్లో వాళ్ళంతా బడిలోనే ఉన్నారు మరి.

వంట సంగతీ చెప్పాలి. 2003లో వంటకు మా పల్లె డ్వాక్రా గ్రూపు కాగితం పెట్టుకుంది. బడి కమిటీలో ఊరి పెద్దలు "మన పిలకాయలు తినరు మేష్టారూ, మీకు తెలియందేముంది" అన్నారు. స్థానిక పరిస్థితుల దృష్ట్యా అని తీర్మానం రాసి ఊరి గ్రూపుకు ఇచ్చారు. రాసింది నేనే. ఇన్‌ఛార్జి హెడ్‌మాస్టర్ని నేను. సాయంత్రం ఇంటికి పోతే మా అమ్మ వాకిట్లో కూచుని ఉంది. "కాయితం నువ్వే రాశావంట గదా అబ్బాయా?" అన్నది. ఊఁ అన్నాను. ఇంకేం అడగలేదు. లోపలికి పోయి అన్నం పెట్టింది. ఆ రాత్రి ఆ చేతి అన్నం తింటుంటే నేను రాసిందేమిటో తెలిసొచ్చింది.

2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు, వంటవాళ్ళ నియామకంలో దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. ఆ పేపరు కత్తిరించి దగ్గర పెట్టుకున్నాను. రెండేళ్ళు దగ్గరే పెట్టుకున్నాను. ఊరి గ్రూపు మానుకున్నాక గానీ కమిటీ ముందు పెట్టే ధైర్యం రాలేదు. మా పల్లె ఆడవాళ్ళు వండిన మొదటిరోజు పదిహేడుమంది తిన్నారు, అందరూ మావాళ్ళే. నాలుగోరోజు ఇద్దరు సాలీల పిలకాయలు వచ్చి కూచున్నారు. మగ్గం ఆడక ఇంట్లో పొయ్యి వెలగని రోజులవి. నేనూ వాళ్ళ పక్కన కూచుని తిన్నాను. ఏడాది తిరిగేసరికి చాలామంది తింటున్నారు. డబ్బా తెచ్చుకునేవాళ్ళు చివరిదాకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. గెలిచామని చెప్పను. రెండేళ్ళు ఆలస్యం చేశానని చెప్తాను.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కొట్టకూడదు, మనసు నొచ్చేట్టు అనకూడదు, ఎనిమిదిదాకా ఆపకూడదు, వెనకబడిన పిలకాయకు విడిగా చెప్పి తోటివాళ్ళతో సమానం చెయ్యాలి. స్టాఫురూముల్లో మొదటి మూడే చదివారు. "కొట్టొద్దంటారు, ఫెయిల్ చెయ్యొద్దంటారు, ఇంక మనమేం చేస్తాం" అన్నారు. నాలుగోది చదవటానికి ఓపిక లేకపోయింది. 2019లో చట్టం సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల్లో ఆపుకోవచ్చని రాష్ట్రాలకు వదిలేశారు. చెప్పకపోవటం పంతుల తప్పైతే శిక్ష పిలకాయకు.

2012 జూన్‌లో ఒక తల్లి కొడుకును ఒకటో తరగతిలో వెయ్యటానికి తీసుకొచ్చింది. "నన్ను గుర్తుపట్టలేదా సార్, మీ దగ్గరే చదువుకున్నా" అన్నది. ఆ పదకొండుమందిలో ఒకతి. జీడిపిక్కల పనికి పోతున్నానన్నది. అప్లికేషన్ ఆమె ముందు పెట్టి పెన్ను ఇచ్చాను. పెన్ను తీసుకోలేదు. బొటనవేలు చాపింది. మా అమ్మ వేలులాగే నల్లగా ఉంది. పాత రిజిస్టర్లు బీరువాలోనే ఉన్నయ్. తీసి చూశాను. ఐదేళ్ళూ ఆమె హాజరే. ఐదో తరగతి పాసు. నా సంతకం.

ఆమె ఒక్క మాట కూడా నన్ను అనలేదు. "మా వాడికి మాత్రం చదువు రావాలి సార్" అన్నది. ఆ పిలకాయను ఐదేళ్ళు పక్కన కూచోబెట్టుకుని చెప్పాను. వాడికి వచ్చింది. వాళ్ళమ్మకు రావాల్సింది మాత్రం నేను తిరిగి ఇవ్వలేను.

2022 జూన్‌లో 117 జీవో వచ్చింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్ళలో కలపమన్నది. 2025లో దాన్ని పక్కనబెట్టి వేరే జీవోలు తెచ్చారు. ఇంకా వస్తయ్. మంచియ్యీ వస్తయ్, చెడ్డయ్యీ వస్తయ్. మనం ఎప్పుడూ జీవో రావాలని కొట్లాడాం, వచ్చాక ఇంటికి పోయాం. అది పంతులు బల్ల మీదికి చేరాక ఏమైందో చూడలేదు. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఉద్యమంలో ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఇదొక్కటే. బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని, వెనక నెట్టబడిన కులాలవాళ్ళు తమ సంఖ్యకు తగ్గట్టు ఉండాలని చట్టం చెప్తోంది. పల్లె తల్లులు ఆ కమిటీలో కూచోవాలి. హాజరు పట్టీ తెప్పించి గట్టిగా పేర్లు చదివించాలి. పేరు పిలిచినప్పుడు పిలకాయ లేచి నిలబడ్డాడా లేదా చూడాలి. నిలబడితే పలక ఇచ్చి రాయమనాలి.

పంతుళ్ళుగా పోతున్న మన పిలకాయలకు కూడా చెప్తున్నా. మనవాడు కుర్చీలో కూచుంటే చాలనుకోవద్దు. నేను కూచున్నాను.